గొంతుక్కూర్చునే సారు

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పూర్తయి ఉద్యోగం దొరకని రోజుల్లో, గ్రంథాలయంలో నేను చదవకుండా వదిలిన విషయం ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని గట్టిగా నమ్మేవాణ్ణి. అడక్కుండానే అందరికీ సలహాలిచ్చేవాణ్ణి. వాటిని భరించలేక ఇంట్లోవాళ్ళు నన్ను పర్చూరులో చిన్నపిల్లల బడి నడిపే మా పిన్నికి సాయంగా పంపారు. (సాయం ఎవరికన్నది వాళ్ళు చెప్పలేదు.)

ఆ బడిలో బుడ్డోడని ఒకడుండేవాడు. వాళ్ళమ్మ మిరపకల్లంలో కాయలు ఏరే పనికి వెళ్తూ, వాణ్ణి మా గుమ్మంలో దించి, పనిచీర కొంగుతో మొహం తుడిచేది. ఆమె అటు తిరగ్గానే వాడు రాగం ఎత్తుకునేవాడు. వాణ్ణి చూసి మిగతావాళ్ళూ వంత పాడేవాళ్ళు.

"ఒరేయ్, వీడు ఈ వారం కూడా ఇట్టాగే ఏడిస్తే వచ్చే ఏడు పంపమని వాళ్ళమ్మకు చెప్పేస్తా. నా వల్ల కాదు" అంది పిన్ని.

అంటే వాడు మళ్ళీ కల్లంలో, ఆ ఘాటులో, గోతాల పక్కన రోజంతా కూర్చోవాలి. నా మనసు ఊరుకోలేదు. గ్రంథాలయానికి పరుగెత్తాను. పిల్లవాడి ఎత్తుకు దిగి, కళ్ళలోకి చూసి, వాడి మనసులోని బాధేమిటో మనమే మాటల్లో పెట్టి చెప్పాలని ఒక పుస్తకంలో ఉంది. అద్దం ముందు సాధన కూడా చేశాను.

మర్నాడు పొద్దున్నే బుడ్డోడి ముందు గొంతుక్కూర్చుని, ఒకసారి దగ్గి, "అమ్మ వెళ్ళిపోతోందని బాధగా ఉంది కదూ?" అన్నాను.

వాడు ఏడుపు ఆపి నన్ను జాలిగా చూశాడు. "బాధ కాదు సార్. కళ్ళు మండుతున్నాయి."

కొంగునిండా కారం! "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?"

"ఎవురూ అడగలా."

పిన్ని నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. "ఏరా, నీ పుస్తకాల్లో మిరపకాయలు పండవంటరా?"

సాయంత్రం సంగతి చెబితే వాళ్ళమ్మ కూడా నవ్వింది. "ఇన్నాళ్ళూ నాకోసం ఏడుస్తున్నాడనుకున్నానండీ" అని, నవ్వు మధ్యలోనే ఆపేసింది. నేను పట్టించుకోలేదు.

మరుసటి రోజు ఆమె ఉతికిన తువ్వాలు తెచ్చి వాడి మొహం తుడిచింది. వాడు ఏడవలేదు. వెనక్కి కూడా చూడకుండా చెక్కబొమ్మల దగ్గరికి పరుగెత్తాడు. హమ్మయ్య, ఇక పిన్ని వాణ్ణి పంపించెయ్యదనుకుంటూ తలెత్తితే, వాళ్ళమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"కారమాండీ?" అన్నాను, పాఠం నేర్చినవాడిలా.

"ఆఁ, కారమేనండీ."

బుడ్డోడు బొమ్మ వదిలేసి వచ్చాడు. తల్లి మొహం అందేందుకు మెట్టు మీదున్న కుర్చీ ఎక్కాడు. అచ్చం నాలాగే దగ్గాడు. "అమ్మా, నేను వెళ్ళిపోయానని బాధగా ఉంది కదూ?"

ఆమె వాణ్ణి గుండెకు హత్తుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం నా చదువుకు మించిన పని.

ఇప్పుడు ఆ బడి నేనే నడుపుతున్నాను. ఊళ్ళో నన్ను గొంతుక్కూర్చునే సారు అంటారు. రోజూ పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటాను, పిల్లల్ని ముందు "ఏమైందిరా?" అని అడుగుతాను, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను. తర్వాత లేచి (మోకాళ్ళు పటపటమంటాయి), గేటు దగ్గర ఎవరైనా ఇంకా నిలబడి ఉన్నారేమోనని చూస్తాను.