శంషాబాద్ గేటుకాడ ఎదురు

ఆ కాలంలో తాండూరు నుంచి ఒక్కరు విమానం ఎక్కాలంటే పదకొండు మంది జీపు ఎక్కేవారు. ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది గానీ, ఆ పదకొండు మందీ నా కోసమే బయలుదేరిన రోజున మాత్రం భూమి చీలితే దూరిపోదామనుకున్నాను. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగం వచ్చింది. కళ్ళకు నల్లద్దాలు కూడా వచ్చాయి (విదేశాలకు పోయేవాళ్ళు పెట్టుకుంటారనుకొని వికారాబాద్ బస్టాండులో కొన్నాను). మా జీపు వికారాబాద్‌లో మిర్చిబజ్జీలకు, చేవెళ్ళలో చాయకు, ఆ తర్వాత ఆ మిర్చిబజ్జీల పుణ్యమా అని మరో రెండుచోట్ల ఆగింది. శంషాబాద్ చేరేసరికి కౌంటరు మూయడానికి ముప్పావుగంటే ఉంది. టికెట్టు పంపింది ఆసుపత్రివాళ్ళు. ఇది తప్పితే ఇంకోటి పంపరు, ఉద్యోగం పోయినట్టే.

"ఇగ పోతున్న" అని నేను పెట్టె పట్టుకున్నానో లేదో, మా పెద్దత్తమ్మ నా రెక్క పట్టుకుంది. నాన్నకు అక్క ఆమె. మా ఇంటికి ముఖ్యమంత్రి, హోంమంత్రి రెండూ ఆమే. మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా ఒక ముత్తైదువ నీళ్ళ చెంబుతో ఎదురు రావాలి. ఆ పొద్దున ఇంటి దగ్గర ఆ ముచ్చట తీరనే తీరింది. కానీ పెద్దత్తమ్మ లెక్క వేరు. "ఇంటి గడప దాటుడు ఊరు దాటుడు. గీ గడప దాటుడు దేశం దాటుడు. గిక్కడ గూడ ఎదురు గావాలె. లోపట్నుంచి ఎవలన్న మంచోళ్ళు రానియ్యి, అప్పుడు పో" అంది.

ఆ ఎదురు విషయంలోనే ఇంకో మాట చెప్పాలి. నాన్న పోయిన నాటి నుంచి, ఎవరు బయలుదేరినా అమ్మ వెనకింట్లోకి పోయి తలుపు దగ్గరకేసుకునేది. ఎవరూ పొమ్మనక్కర్లేదు. ఆ పొద్దున నా ప్రయాణానికి కూడా అట్లాగే పోయింది. నేను వద్దనలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు సిగ్గే. జీపులోనూ చివరి సీటులో, మూటల మధ్య కూర్చుని వచ్చింది.

సరే, ఎదురు కోసం నిలబడ్డాం. అది లోపలికి పోయే గేటాయె, బయటికెవరొస్తారు! పది నిమిషాలకు ఒకాయన ఖాళీ సామాన్ల బండ్లు వరుసగా తోసుకుంటూ వచ్చాడు. "ఖాళీవి! ఖాళీవి! మొకం తిప్పు!" అని పెద్దత్తమ్మ కేక. నేను గోడవైపు తిరిగాను. ఆ తర్వాత కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా మా ముందుకొచ్చి తుమ్మాడు. నన్ను నా పెట్టె మీదే కూలేసి నీళ్ళు తాగించారు. చుట్టూ జనం చూస్తున్నారు. వీళ్ళెవరో నాకు తెలియదన్నట్టు ముఖం పెట్టాను (నోట్లో వాళ్ళు పోసిన నీళ్ళే ఉన్నాయి).

"అత్తమ్మా, ఇరవై నిమిషాలే ఉంది, నీ కాల్మొక్త" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"పరేషాన్ గాకు. నేనే లోపటికి పోయి ఎదురొస్త" అని ఆమె కొంగు బిగించి గేటు మీదికి పోయింది. తుపాకీ జవాను టికెట్ అడిగాడు. "నాకెందుకు బేటా టికెటు? అందర్ జాకే, జర పలట్ కే, వాపస్ ఆతుం!" అని ఆమె తనకొచ్చిన ఉర్దూ అంతా వాడేసింది. ఆ జవాను ఉద్యోగంలో లోపలికి పోయి వెంటనే తిరిగి రావడానికి పర్మిషన్ అడిగినవాళ్ళు ఇంకెవరూ ఉండి ఉండరు. మా వాళ్ళంతా ఆమె వెనక పోగయ్యారు, తలా ఒక భాషలో నచ్చజెప్పడానికి.

అప్పుడు చూశాను. స్తంభం పక్కన నిలబడ్డ అమ్మ ఎవరినీ ఏమీ అడగకుండా ఆ గుంపు పక్కనుంచి గేటు దాకా నడిచింది. అక్కడ వెనక్కి తిరిగింది. తలమీద కొంగు, చేతిలో నాకు తాగించగా మిగిలిన నీళ్ళ సీసా. దాన్ని రెండు చేతులా పట్టుకుని, నిండు బిందె మోస్తున్నట్టు నెమ్మదిగా, నాకు ఎదురుగా నడిచొచ్చింది. అమ్మ నన్ను దాటుతూ "పో బిడ్డ" అంది, అంతే. ఆగలేదు. ఎదురొచ్చేవాళ్ళు ఆగకూడదు.

నేను పెద్దత్తమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే గోడ మీది బొమ్మల దిక్కు తిరిగిపోయింది. "ఎవలొచ్చిన్రో నేను చూడలే. ఎవలో మంచోళ్ళే వచ్చిన్రు" అంది ఆ బొమ్మలతోనే. "ఇగ ఉరుకు. ఎనుకకు మాత్రం తిర్గకు, ఎదురు చెడ్తది!"

ఉరికాను. కౌంటరు మూసే వేళకు ఆఖరిదాన్ని నేనే. ఆ తర్వాత విమానంలో, ఎవరూ నన్ను రెక్క పట్టుకుని ఆపని ఆ సీటులో కూర్చుని, ఇంట్లో కట్టిచ్చిన రొట్టె డబ్బా విప్పి, మళ్ళీ మూత పెట్టేశాను. "తిన్నవా" అని అడిగే మనిషి లేకపోతే రొట్టె ఎట్లా దిగుతుందో నాకప్పటికి తెలియదు. అంత ఒంటరితనం అంతకుముందు ఎరగను.

ఇన్నేళ్ళుగా అదే గేటులోంచి పోతూ వస్తూ ఉన్నాను. ఇప్పుడు కారు డ్రైవరు పెట్టె దింపి "ఉంటా మేడం" అంటాడు. పెద్దత్తమ్మ లేదు, అమ్మా లేదు. గేటు దగ్గరికి రాగానే, ఆ రోజు మెడ బిగబట్టి, నేల చూస్తూ లోపలికి ఉరికిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అప్పుడు నా వెనకాల నాలుగడుగుల దూరంలోనే అమ్మ నిలబడి ఉంది. ఒక్కసారి తిరిగి చూస్తే ఏం పోయేదే పిల్లా!