ఎర్ర లైటు వెంట పెళ్ళివారు

బండి అంటే ముందు లైటే అని నమ్మిన కాలం అది. ఎంత దూరం వెలుగు కొడుతుంది, ఎదురొచ్చేవాడు కళ్ళు మూసుకుంటాడా లేదా అని టీ అంగళ్ళ దగ్గర పొద్దుపోయేదాకా వాదించుకునేవాళ్ళం గాని, బండికి వెనకాల కూడా ఒక లైటు ఉంటుందనీ, అది నడిపేవాడికి తప్ప మిగతా లోకానికంతా కనబడుతుందనీ మాలో ఎవరికీ పట్టేది కాదు. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నాకు రేణిగుంటలో ఒక గోడౌనులో సరుకు ఎక్కించి దించే పని చూసుకునే ఉద్యోగం. ఆ జీతం చూసుకుని ఒక పాత బండి కొన్నాను. దూరాలు తిరగడానికే పుట్టిన బండి. సోఫాలాంటి సీటు, ఎద్దు కొమ్ముల్లా విచ్చుకున్న హ్యాండిలు, రెండు పక్కలా తోలు సంచులు. అమ్మినాయన మందుల కంపెనీ తరఫున జిల్లా అంతా తిరిగి నడుం నొప్పి తెచ్చుకున్నవాడు (ఆ నొప్పి ఈ బండి వల్లనే వచ్చిందని ఆయన చెప్పలేదు, నేనే తర్వాత కనుక్కున్నాను). దాన్ని తోలుతుంటే మా తిరుపతి వీధులు నాకు ఇరుకైపోయాయి. ఊటీ, ఏలగిరి, కన్యాకుమారి అని నిద్రలో కూడా పలవరించేవాణ్ణి.

మా మేనమామ తడ మీదుగా మద్రాసుకు లారీ తోలేవాడు. ఒక సాయంత్రం కాళహస్తి రోడ్డులో నేను ముందు, ఆయన వెనక వచ్చామట. నాకు తెలియదు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే మా నాయన ముందర పంచాయితీ పెట్టాడు. "బావా, నీ కొడుకు బండి ఎనక లైటు సూసి, ఎవురో పెద్దాయన బీడీ తాగతా నడిసిపోతా ఉండాడనుకుంటి. దగ్గిరికొచ్చినాక సూస్తే మనోడు. ఇంకొంచెం ఉంటే మీదికి పోయుందును." అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా బయటికొచ్చింది. లైటు మార్చేదాకా బండి గేటు దాటకూడదని తీర్పయింది. ఏలగిరి ప్రయాణానికి అప్పటికే సెలవు పెట్టుకుని ఉన్నాను.

మా జట్టులో ఒకడికి సీరియల్‌సెట్టు అని పేరు. వాళ్ళ నాయన పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ మైకులు, రంగు లైట్ల దండలు బాడుగకిచ్చేవాడు గనక ఆ పేరు. ఏలగిరికి నా వెనక సీటు వాడిదే. విషయం చెప్పగానే వాడి మొహం విచ్చుకుంది. "మచ్చా, మన సర్కిల్లో కొత్తగా సిగ్నల్ పెట్టినారు గదా, దాంట్లో ఎర్ర లైటు సూసినావా? అది బల్బు గాదు. సిన్న సిన్న గింజలు. ఎల్‌ఈడీ అంటారు. కరెంటు తాగదు, కాలిపోదు, ఎండలో గూడా కండ్లు జిగేల్‌మంటాయి. అది పెడతాం నీ బండికి." ఆ మాటతో నాకు ఒళ్ళు పులకరించింది. సర్కిల్లో నిలబడి ఊరినంతా ఆపగలిగే లైటు, నా బండి వెనకాల. ఆ ఆదివారమే వాడు రైలెక్కి మద్రాసు పోయి, న్యూస్ పేపరు పొట్లంలో దానిమ్మ గింజల్లాంటివి దోసెడు తెచ్చాడు. వాటిని అరచేతిలో పోసుకుని ఇద్దరం బంగారం చూసినట్టు చూశాం.

మా పెరట్లో జామచెట్టు కింద పని మొదలైంది. వెనక లైటు డబ్బా విప్పి, అట్టలాంటి పలక కోసి, దాంట్లో గింజలన్నీ వరసగా గుచ్చి, వాడు సీసం కరిగించి అతికిస్తుంటే నేను పొగ ఊదుతూ కూర్చున్నాను (నా వంతు సాంకేతిక సహాయం అంతే). అంతా అయ్యాక తాళంచెవి తిప్పాను. ఒక్క గింజా వెలగలేదు. వాడు కాసేపు ఆలోచించి, "తిరగేసి పెట్టినాం మచ్చా. బల్బుకైతే ఎట్లైనా సరిపోతాది. దీనికి ప్లస్సు మైనస్సు పట్టింపు ఉండాది" అని మళ్ళీ మొదటి నుంచీ అతికించాడు. ఈసారి తిప్పాను. పెరడంతా ఎర్రబడింది. ప్రహరీగోడ ఎర్రబడింది, ఆరేసిన పంచెలు ఎర్రబడ్డాయి, పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి "ఏం పూజ అక్కా, చెప్పనే లేదే" అని అమ్మను నిష్ఠూరమాడింది. మేమిద్దరం ఒకరినొకరం పట్టుకుని గెంతులేశాం. అప్పుడు బ్రేకు తొక్కాను. ఏమీ మారలేదు. ఉత్తప్పుడే అంత వెలిగేది, తొక్కితే ఇంకేం వెలుగుతుంది? అది సరిచేయడానికి ఇంకో పూట పట్టింది. మామూలుగా ఒక మోస్తరుగా, బ్రేకు తొక్కితే పూనకం వచ్చినట్టుగా వెలిగే ఏర్పాటు చేశాడు. ఊపులో ఉన్నాం గదా, వెనక ఇండికేటర్లకు కూడా అవే గింజలు పెట్టేశాం. అంతవరకూ టిక్కు, టిక్కు అని నిదానంగా కొట్టుకునేవి కాస్తా టికటికటికమని ఉడుత గుండెలా కొట్టుకోవడం మొదలెట్టాయి. బల్బులు తాగే కరెంటు లేకపోయేసరికి వాటిని కొట్టించే ఫ్లాషరుకు తొందర పుట్టిందని వాడు వివరించి, "ఉండనీలే, సూసేదానికి బాగుండాది" అన్నాడు. నాకూ బాగానే ఉంది. మా నాయన మాత్రం అరుగు మీద నుంచి అంతా చూసి, "దావ సూసుకునే దానికి లైటు పెట్టుకుంటారు గానీ, ఎనకాలోళ్ళకు టార్చి పట్టే దానికి ఎవురన్నా బండి కొంటారా?" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు సర్కిల్లో కుడివైపు తిరగబోతూ ఇండికేటరు వేశానో లేదో, ట్రాఫిక్ పోలీసాయన చెయ్యెత్తి నాలుగువైపులా బండ్లు ఆపేసి, నన్ను వదిలి నా వెనకాల ఎవరొస్తారా అని నిటారుగా నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. నేను ఆగి నమస్కారం పెట్టాను. "సారు కారు యాడప్పా?" అన్నాడు. "సారు ఎవురూ లేరన్నా, నేనే" అన్నాను. ఆయన నన్నూ, లైటునూ మార్చి మార్చి చూసి, "పో" అన్నాడు. ఆ 'పో' నాకు బిరుదు ఇచ్చినట్టుంది.

కార్తీక మాసం, శనివారం. పూతలపట్టు ఇవతల మట్టిరోడ్డులో లోపలికి మా పెద్దమ్మ వాళ్ళ ఊరు. రాత్రికి అక్కడ పడుకుని, పొద్దున చిత్తూరు, వేలూరు మీదుగా ఏలగిరి కొండెక్కాలని మా పథకం. బయలుదేరినప్పుడు మబ్బు పట్టి ఉంది. చంద్రగిరి దాటేసరికి చినుకులు, పాకాల దాటాక ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. సాయంత్రం కాకముందే మసక కమ్మింది. ఇంకొకరైతే ఏ చింతచెట్టు కిందో ఆగేవాళ్ళు. మేము ఆగలేదు, ఎందుకంటే ఆ లైటు పుట్టిందే అలాంటి రోజు కోసం. సీరియల్‌సెట్టు మెడ వెనక్కి తిప్పి వార్తలు చదువుతున్నాడు. "మచ్చా, ఎనకాల బండ్లన్నీ దూరం దూరంగా వస్తా ఉండాయి. ఒక్కడు గూడా మీదికి రాలేదు. మామతో చెప్పల్ల ఈ సంగతి." నేను ఊరికే ఒకసారి బ్రేకు తొక్కాను. వెనకాల వరసగా హారన్లు, కీచుమని టైర్లు. "మళ్ళీ తొక్కు" అన్నాడు వాడు. వానలో మా ఇద్దరి నవ్వులు మాకే వినబడలేదు.

పెద్దమ్మ ఊరి మలుపు దగ్గర ఇండికేటరు టికటికలాడించి మట్టిరోడ్డులోకి తిరిగాను. కాస్త దూరం పోయాక వాడు "ఎవురో మన ఎనకాలే వస్తా ఉండారు" అన్నాడు. ఊరివాళ్ళే అయ్యుంటారనుకున్నాం. పెద్దమ్మ వాళ్ళ ఇంటి పక్కనే బెల్లం వండే గానుగ షెడ్డు, దాని ముందు చెరకు లారీలు తిరిగేంత కళ్ళం. షెడ్డు కింద బండి ఆపి, హెల్మెట్ తీసి, వెనక్కి తిరిగాను. బంతిపూలన్నీ వానకు వేలాడుతున్న ఒక వ్యాను కళ్ళంలోకి వచ్చి ఆగింది. దాని వెనక ఒక బస్సు. బస్సు వెనక కారు. కారు వెనక టమోటా లోడు లారీ. ఒక్కొక్కటే ఇంజన్లు ఆపాయి. వ్యాను డ్రైవరు అద్దం దించి, మర్యాదగా అడిగాడు. "అన్నా, మండపం ఇదేనా?"

పెద్దమ్మ గోనెసంచి నెత్తిన వేసుకుని బయటికొచ్చింది. వ్యాను చూసింది, బస్సు చూసింది, కిటికీల్లో పట్టుచీరలు చూసింది. "అబ్బోడా, ఇద్దురు వస్తామని గదా చెప్పినావు?" అంది.

వ్యానులోంచి పట్టు చొక్కా, పెద్ద మీసం ఉన్నాయన గొడుగుతో దిగాడు. పెళ్ళికొడుకు మేనమామ. "ఎవురప్పా నువ్వు? మమ్మల్ని యాడికి తీసకపోతా ఉండావు?" అని గర్జించాడు. "నేను మా పెద్దమ్మింటికి వస్తా ఉండానన్నా" అన్నాను. "మరి మేమెందుకొచ్చినాం?" అన్నాడాయన, డ్రైవరు వైపు తిరిగి. డ్రైవరు అద్దం వైపు చెయ్యి చూపించాడు. పాకాల దగ్గరే వైపరు విరిగిపోయిందట. అద్దంలో ఏమీ కనబడక, ఎర్రగా కనబడిన ఒక్క లైటునే పట్టుకుని వచ్చాడట. బస్సు వ్యానును పట్టుకుని వచ్చింది, కారు బస్సును పట్టుకుని వచ్చింది. టమోటా లారీ ఆయనకు పెళ్ళితో ఏ సంబంధమూ లేదు. "అందురూ తిరిగితే ముందర రోడ్డు తెగిందేమో అనుకుంటి" అన్నాడు.

నవ్వు పెదవిదాకా వచ్చింది గాని, వ్యానులో పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకోవడం చూసి మింగేశాను. ఆ సాయంత్రం చిత్తూరులో రిసెప్షను. బస్సు ఎవరు పెట్టాలనే దాని మీద మీసాలాయనకూ, పెళ్ళికూతురు తండ్రికీ అప్పటికే మాట పట్టింపు ఉంది. దీపాలు పెట్టే వేళకు మండపంలో దిగకపోతే, కావాలనే ఆలస్యం చేశారని వాళ్ళు అంటారు, అంటే ఈయన ఊరుకోడు. "పోయి ఏమని చెప్పేది? గానుగ సూసేదానికి పోయినామని చెప్పేదా?" అని ఆమె ఎవరితోనో అంటోంది. పెళ్ళికొడుకు సూటు వేసుకుని బిక్కమొహంతో కూర్చున్నాడు. సెల్‌ఫోన్లు నాలుగైదు ఉన్నాయి గాని ఒక్కదానికీ సిగ్నల్ లేదు. వ్యానును తిప్పబోతే చక్రం బురదలో దిగిపోయింది.

అప్పుడు పెద్దమ్మ రంగంలోకి దిగింది. "ఏడిస్తే చక్రం లేస్తాదా తల్లీ? దిగి షెడ్డులోకి రాండి. రేయ్, పిప్పి తెచ్చి చక్రం కింద పరవండ్రా." ఆమె గొంతుకు మీసాలాయన కూడా పంచె ఎగ్గట్టాడు. ఎండిన చెరకు పిప్పి చేటలకొద్దీ మోశాం. పెళ్ళికొడుకు తానూ దిగబోతే, "ఆ యబ్బిని దిగనీయొద్దండప్పా, బురదైతాడు" అని అరిచి ఆపింది. టమోటా లారీకి తాడు కట్టి లాగితే వ్యాను ఒక్క ఊపున బయటపడింది. ఈలోగా బస్సు మొత్తానికీ అల్లం, బెల్లం వేసిన కాఫీ అందింది. బస్సులోని ముసలాయన ఒకరు లోటా తిరిగిస్తూ "మీరు ఆడపిల్ల తరపు వాళ్ళేనా?" అని అడిగాడు. ఆయన ఇది మండపమేననుకుంటున్నాడు.

మీసాలాయన నా దగ్గరికొచ్చాడు. ఈసారి గర్జన లేదు. "అబ్బోడా, చిత్తూరు దాకా ముందర పోతావా? మావోడికి నీ లైటు తప్ప ఏమీ కనపడలే." నా జీవితంలో అంతకుముందు ఎవరూ నన్ను ముందర పొమ్మనలేదు. సీరియల్‌సెట్టు అప్పటికే వెనక సీటు మీద తిరగబడి, వెనక్కి మొహం పెట్టి కూర్చుని, వీపు నా వీపుకు ఆనించి, చేతిలో తువ్వాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "పోనీ మచ్చా. నేను సూసుకుంటా వాళ్ళను."

అలా వెళ్ళాం. గుంట వస్తే నేను కేకేసేవాణ్ణి, వాడు తువ్వాలు కిందికి ఊపేవాడు, మలుపు వస్తే పక్కకు ఊపేవాడు. ఇండికేటర్లు టికటికమంటూనే ఉన్నాయి. పూతలపట్టు కూడలిలో టీ అంగడి వాళ్ళు లేచి నిలబడి చూశారు. ఎదురొచ్చే బస్సులు పక్కకు తప్పుకున్నాయి. జివ్వుమనే వానలో చొక్కా ఒంటికి అతుక్కుపోయి వణుకుతున్నాను గాని, నాకు చలి వేయలేదు. మంత్రిగారికి పైలట్‌గా వెళ్ళేవాడికి కూడా అంత సంతోషం ఉండదు. టమోటా లారీ తన దారిన తాను పోవచ్చు గాని, మా వెంటే మండపం దాకా వచ్చింది (మధ్యలో వదిలేసి పోవడానికి మనసొప్పలేదన్నాడు).

మండపం వీధి మలుపు తిరగగానే మేళగాళ్ళకు దూరం నుంచి గోడల మీద, వెనకొచ్చే వ్యాను అద్దం మీద ఎర్రగా కొట్టుకుంటున్న వెలుగు కనబడింది. ఇంకేం, డోలు, నాదస్వరం ఒక్కసారిగా అందుకున్నాయి. నేను గేటు ముందు ఆపీ ఆపకముందే పన్నీరు చల్లారు. అంత వానలో తడిసినవాడి మీద మళ్ళీ పన్నీరు. హారతి పళ్ళెం గిరగిరా తిరిగింది. పెళ్ళికూతురు అవ్వ కళ్ళు చికిలించి, నా హెల్మెట్ అద్దం మీద కుంకుమ దిద్దేసింది. "నేను గాదవ్వా, పెండ్లికొడుకు ఎనకాల వస్తా ఉండాడు" అన్నాను. ఆమె వంగి నా వెనక కూర్చున్నవాణ్ణి చూసింది. సీరియల్‌సెట్టు తువ్వాలు ఊపుతూ వీధి వైపే చూస్తున్నాడు. "మొగం అట్ల తిప్పుకోని కూసున్నాడేమే, సంబంధం ఇష్టం లేదా?" అని అవ్వ బెంబేలెత్తింది. ఆ మాటకు పెళ్ళికూతురు తండ్రి పకపకా నవ్వాడు, వ్యాను దిగుతున్న మీసాలాయనా నవ్వాడు. బస్సు గొడవ మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మమ్మల్ని మొదటి పంక్తిలో, పొడి పంచెలు కట్టించి కూర్చోబెట్టారు. టమోటా డ్రైవరు మా పక్కనే పాయసం రెండోసారి వేయించుకున్నాడు. పొద్దున ముహూర్తం చూసి అక్షింతలు వేసి గాని మమ్మల్ని కదలనివ్వలేదు. ఏలగిరికి ఆ తర్వాత ఎప్పుడో పోయాం. బాగుంది, అంతే. అంతకన్నా చెప్పడానికి ఏమీ గుర్తులేదు.

ఆ పెళ్ళికొడుకు నాకు స్నేహితుడయ్యాడు. ఈ మధ్య వాళ్ళింటికి భోజనానికి వెళితే పాత పెళ్ళి వీడియో పెట్టాడు. వాన పడితే బండి పక్కకు ఆపి, తగ్గాక పోదాంలే అనుకునే వయసులో ఉన్న నేను సోఫాలో కూర్చుని చూశాను. తెర మీద బక్కపలచని కుర్రవాడొకడు, నీళ్ళు కారుతున్న జుట్టుతో, హెల్మెట్ చంకలో పెట్టుకుని, కెమెరా వైపు చెయ్యి ఊపుతున్నాడు, పెళ్ళి తనదే అయినట్టు. స్నేహితుడి కూతురు, ఇంజనీరింగు చదువుతున్న పిల్ల, "ఎవురు నాయనా ఈయన?" అని అడిగింది. "ఈయనే" అని నన్ను చూపించాడు. ఆ అమ్మాయి తెర వైపు చూసింది, నా బట్టతల వైపు చూసింది. నాకూ పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఆ ముక్క ఇంకోసారి వేయమన్నాను.