బస్సుకు బొమ్మ గీసిన మా ఆడబిడ్డ

మా ఆడబిడ్డ పోయిందని పోయిన వారం పొద్దున్నే నంద్యాల నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "అత్తా, అమ్మ లేదు" అన్నది. అంతే, ఫోన్ పెట్టేసింది. పోయి, చూసి, వచ్చినాము. అప్పటి నుంచి నేను ఒకచోట కూర్చోలేకుండా ఉన్నాను. వంటింట్లోకి పోతాను, ఎందుకు పోయానో గుర్తుండదు. బీరువా తెరుస్తాను, మూస్తాను. "ఏందీ, అది పోతా పోతా దాని గుణం నీకు అంటించి పోయిందా?" అన్నాడు మా ఆయన, చెల్లెలి కోసం కళ్లు తుడుచుకుంటానే.

ఆ గుణం నాకు తెలుసు. నేను ఆళ్లగడ్డకు కోడలిగా వచ్చినప్పుడు ఆమె హైదరాబాదులో బొమ్మల కాలేజీలో చదువుతూ ఉండేది. డెబ్బైల్లో మా వైపు ఆడపిల్ల అంత దూరం పోయి చదవడమే గొప్ప, అందులోనూ బొమ్మలు. సెలవులకు వచ్చిందంటే ఇల్లు ఇల్లుగా ఉండేది కాదు. అన్నం సగంలో లేచి గోడ మీద ఏదో గీసి వచ్చేది. క్లాసులో చేసినవన్నీ వసారాలో బట్టలు ఆరేసే తాడుకు వేలాడదీసి వీధిలో వాళ్లను పిలుచుకొచ్చేది. తలుపంత కాగితం మీద ఒక్క 'ళ' రాసి తెచ్చింది ఒకసారి. "ఒక్క అక్షరానికి ఇంత కాగితమా తల్లీ?" అని పక్కింటావిడ నోరు నొక్కుకుంది. మర్యాదకు నేను బాగుందన్నాను. "బాగుందని చెప్పొద్దు వదినా. నీకు ఏం కనపడిందో చెప్పు" అన్నది. అప్పటిదాకా ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. ఆలోచించి, "గిన్నెలో గరిటె కనపడింది" అన్నాను. ఎగిరి గంతేసింది.

ఆ ఎండాకాలం ఆమె తెచ్చింది బస్సుల బొమ్మలు. మీ ఊరికి పనికొచ్చేది ఏదైనా చేయమని కాలేజీలో చెప్పారట. మా అత్తకు చదువు రాదు. నంద్యాల బస్టాండులో కనపడిన ప్రతి మగమనిషినీ "ఈ బస్సు యాడికి పోతాదప్పా?" అని అడుక్కోవాల్సిందే. ఒకసారి కోయిలకుంట్లకని ఎక్కి గడివేములలో దిగింది. ఇక అట్లా జరగకుండా బస్సు బోర్డు మీద ఊరికో బొమ్మ ఉండాలని మా ఆడబిడ్డ ఆలోచన. నంద్యాలకు ఎద్దు, అహోబిలానికి సింహం తల, కోయిలకుంట్లకు అక్కడి చేన్లలో పండే శనగకాయ.

అత్తను పిలిచి ఎదురుగా నిలబెట్టింది. అత్త కళ్లు చికిలించి చూసింది. సింహాన్ని చూసి సూర్యుడంది. శనగకాయను చూసి, "చిలకనా?" అన్నది.

వసారాలో అందరూ నవ్వినారు. మామ నవ్వలేదు. "ఇన్నేండ్లు చదివి చిలకకూ శనగకాయకూ తేడా తెల్లేదు. ఇంక సాలు. ఆ కాలేజీ మాట ఎత్తొద్దు. సంబంధం చూస్తాండా" అని కండువా దులుపుకొని పోయినాడు. ఆయన ఒకసారి అంటే అన్నట్లే.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. తాడుకున్న బొమ్మలు తీసి చుట్టలు చుట్టింది. మర్నాడు మామ చేనికి పోగానే నా చెయ్యి పట్టుకుంది. "వదినా, నంద్యాలకు పోదాం పా."

"మామ చంపుతాడు పాపా."

"చంపితే సాయంత్రం కదా. తొందరగా రా."

బస్టాండు గోడ నీడలో కాగితాలు పరిచి కూర్చుంది. వచ్చే పోయే ఆడవాళ్లను ఆపి శనగకాయ బొమ్మ చూపించింది. "అక్కా, ఇది నీకు ఏందిలా కనపడతాంది?" ఒకామె ఆకంది. ఇంకొకామె చెవికమ్మంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆమె మాత్రం చెరిపేది, గీసేది, లేచి దూరం పోయి చూసేది, మళ్లీ చెరిపేది. గంపతో వచ్చిన ముసలామె ఒకతె, "కాయ ఒక్కటే గీస్తే ఎట్లమ్మీ? చెట్టుతో గీయి" అన్నది. గీసింది. ఆ తర్వాత అడిగిన వాళ్లంతా శనగచెట్టనే అన్నారు.

అప్పుడు ఆళ్లగడ్డ బస్సు దిగి మామ వచ్చినాడు. ఎవరో చెప్పినట్టున్నారు. "లెయ్. ఇంటికి పా" అన్నాడు. నేను కింద పరిచిన కాగితాలు ఏరబోయినాను. ఆమె లేచి శనగచెట్టు కాగితం ఆయన చేతికే ఇచ్చింది. "నాయనా, ఒక్క నిమిషం ఎత్తి పట్టుకో. ఆడి నుంచి కనపడతాదో లేదో చూసొస్తా" అని వెనక్కి వెనక్కి నడుస్తూ బస్సుల మధ్యకు పోయింది. ఊళ్లో పెద్దమనిషి, తెల్లపంచె, చేతిలో శనగచెట్టు. దించలేడు, పారేయలేడు. గంప ముసలామె ఆయన వైపు చూసి, "ఎవరు గీసినారప్పా? చేన్లో ఉన్నట్లే ఉంది" అన్నది.

మామ కాగితం వైపు తల తిప్పి చూసినాడు. తర్వాత, "మా పాపే" అన్నాడు. అంటూ కాగితం ఇంకొంచెం పైకి ఎత్తినాడు.

ముగ్గురం ఒకే బస్సులో తిరిగొచ్చినాము. ఆళ్లగడ్డలో దిగుతున్నప్పుడు, "కాలేజీ ఎప్పుడు తెరుస్తారు?" అని అడిగినాడు.

ఆ బొమ్మలు ఏ బస్సుకూ ఎక్కలేదు. బోర్డులు మార్చే అధికారం తనకు లేదని బస్టాండు ఆఫీసరు మర్యాదగానే చెప్పి పంపినాడు. ఆమెకు కాలేజీ దక్కింది. చదువు ముగించి, పెళ్లి చేసుకొని, నంద్యాలలోనే ఉండిపోయింది. ఎనభైల్లో పసిపిల్లలకు విరేచనాలైతే ఉప్పూ చక్కెరా నీళ్లలో ఎట్లా కలపాలో చెప్పే బొమ్మల కాగితాలు గీసింది. అచ్చుకు పంపేముందు గోస్పాడు వైపు పల్లెలకు తీసుకుపోయి తల్లులకు చూపించేది. నన్నూ లాక్కుపోయేది. అచ్చయి వచ్చినాక కూడా "ఇంకా కుదర్లేదు వదినా" అనేది. గడప దాటడానికి జంకే నేను ఆమె పుణ్యాన ఆ పల్లెలన్నీ తిరిగినాను. తెలియని మనుషులతో మాట్లాడటం నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆమెను తలచుకుంటే నాకు కనపడేది ముసలి ముఖం కాదు. కాలేజీ తెరిచే ముందు ఆమెను హైదరాబాదు బస్సెక్కించడానికి నంద్యాల దాకా తోడుపోయిన పొద్దు. బస్సు దాదాపు ఖాళీ. "కూర్చో పాపా" అన్నాను. వినలేదు. పై కడ్డీ పట్టుకొని నిలబడే ఉంది. కిటికీ అవతల నల్లమల మీదుగా ఎండ అప్పుడే పడుతోంది. ఆమె ఒక కిటికీ దగ్గర వంగి చూసి, ఇంకో కిటికీ దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి, ఊగే బస్సులో అటూ ఇటూ నడుస్తూనే ఉంది.