విశ్రాంతి అని రాసినందుకు

1961 జూన్‌లో నన్ను నెల్లూరు జిల్లాలో, విడవలూరు దాటి సముద్రం వైపున్న ఒక ఊరి ప్రభుత్వాసుపత్రికి వేశారు. హోదా ఉమెన్ అసిస్టెంట్ సర్జన్. అంటే ఆడవాళ్ళ జబ్బులూ కాన్పులూ చూసే డాక్టరు. ఆ హోదాలో మంజూరైన పోస్టులు రెండు. రెండోది నేను చేరేనాటికే ఖాళీ. ఎప్పుడడిగినా జిల్లా వైద్యాధికారి కార్యాలయం నుంచి ఒకటే జవాబు: ఆ తీరానికి రావడానికి ఏ లేడీ డాక్టరూ ఒప్పుకోవడం లేదు.

నాలుగేళ్ళు ఇద్దరి పని ఒక్కదాన్నే చేశాను. 1965లో ఒకరోజు వార్డులో ఒక బాలింతను పేరేమిటని అడిగాను.

“పొద్దున్నించి మూడు తూర్లు చెప్పినానమ్మా,” అంది ఆమె భయంగా.

ఆమెకు కాన్పు చేసింది నేనే. ఆ ముఖం మాత్రం నాకు గుర్తు లేదు. పనిలో పొరపాటు ఇంకా జరగలేదు; ఇలాగే సాగితే జరిగి తీరుతుందని అర్థమైంది.

నాకు పెళ్ళి కాలేదు. క్వార్టర్సుకు అద్దె లేదు. పన్నెండేళ్ళ సర్వీసులో జీతంలో సగానికి పైగా పోస్టాఫీసులో దాచాను. ఉద్యోగం లేకపోయినా కొన్నేళ్ళు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతకగలను. ఆ డబ్బు ముసలితనానికి ఉంచుకోవడమా, దాని మీద బతుకుతూ ఇప్పుడే ఒక ఏడాది పని ఆపడమా అని చాలా రోజులు ఊగిసలాడాను. ముసలితనం దాకా ఈ ఒళ్ళు నిలుస్తుందన్న నమ్మకం కలగలేదు. చివరికి ఏడాది పాటు జీతం లేని సెలవుకు దరఖాస్తు పెట్టాను. ఆ కాలం ఇంక్రిమెంటుకు లెక్కకు రాదు. అది తెలిసే పెట్టాను. కారణం దగ్గర ‘విశ్రాంతి’ అని రాశాను.

వైద్యాధికారి నన్ను నెల్లూరు పిలిపించారు.

“పెళ్ళి కుదిరిందామ్మా?”

లేదన్నాను.

“ఒంట్లో బాగాలేదా?”

బాగానే ఉందన్నాను.

“మరి సెలవెందుకు? సిక్ అని రాయండి, సర్టిఫికెట్టు నేనే ఇప్పిస్తాను.”

లేని జబ్బు రాయనన్నాను. ఆయన గొంతు మారింది. “మీరు లేనప్పుడు ఒక తల్లి చచ్చిపోతే ఆ పాపం ఎవరిది?”

నాకు ఒళ్ళు మండింది. నా హోదాలోనే ఉన్న ఒక మగ డాక్టరు ఆ ఏడాదే రైసుమిల్లు కట్టించుకోవడానికి సెలవు తీసుకున్నాడు. సొంత పనులు అని రాస్తే చాలింది. అతని రోగుల గురించి ఎవరూ పాపపుణ్యాలు మాట్లాడలేదు.

“నాలుగేళ్ళుగా ఆ పోస్టు ఖాళీగా ఉంచినవాళ్ళదండీ,” అని లేచి వచ్చేశాను.

దరఖాస్తు తిరస్కరించారు. సంగతి ఆసుపత్రిలో పాకింది. మా ఆయా పోలమ్మ, చేపల వేటకు పోయే కుటుంబం మనిషి, నన్ను నిలదీసింది.

“యాడికి పోతావమ్మా? మగ డాక్టరు కాడికి మా ఆడోళ్ళు రారు. ఇంటికాడే చస్తారు.”

అధికారి మాటకు లొంగనిదాన్ని ఆ మాటకు తల వంచుకున్నాను. అది నిజం. ఇక సెలవు మాట ఎత్తకూడదనుకున్నాను. కాని నేను పడిపోయిన రోజున ఇక్కడ ఉండేది రెండు ఖాళీలు. ఆ ఆలోచన నన్ను వదల్లేదు. వారం గడిచాక, నిబంధన ప్రకారం నోటీసు ఇచ్చి రాజీనామా పంపాను. దాచిన డబ్బు లేకపోతే ఆ కాగితం మీద సంతకం పెట్టగలిగేదాన్ని కాదు.

నెల తిరక్కుండానే రెండు ఉత్తర్వులు వచ్చాయి. రాజీనామా వెనక్కి తీసుకుంటే సెలవు మంజూరు. ఖాళీ పోస్టులో కొత్త లేడీ డాక్టరు నియామకం.

ఆమె రాగానే ఇంత దూరం ఎలా ఒప్పుకున్నారని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయింది.

“ఒప్పుకోవడమేందక్కా? మా ఆయన విడవలూరు స్కూల్లో టీచరు. రెండేళ్ళ నుంచి ఇక్కడికే వెయ్యమని అడగతా ఉండాను. అక్కడ ఒక డాక్టరు ఉంది కదా, పని జరగతా ఉంది కదా అన్నారు.”

తర్వాత వార్డు అంతా తిప్పి, ఒక్కొక్క పేషెంటునూ పేరుపేరునా ఆమెకు అప్పగించి వెళ్ళాను.

ఆ ఏడాది కంటి నిండా నిద్రపోయాను, చదువుకున్నాను, తిరిగి వచ్చి అదే ఆసుపత్రిలో చేరాను. అప్పటి నుంచి మేం ఇద్దరం. ఇంక్రిమెంటు ఒక ఏడాది వెనకబడింది.

ఇద్దరి పని ఒకరు చేస్తున్నంత కాలం, అది ఒకరి పనేనని పైవాళ్ళు లెక్క కడతారు. ఆ లెక్కను విన్నపాలు మార్చలేదు. నేను వెళ్ళిపోగలనని తేలాకే మారింది. అలా వెళ్ళిపోగల స్తోమత లేని నర్సో ఆయానో అదే సెలవు అడిగి ఉంటే ఏ జవాబు వచ్చేదో నాకు బాగా తెలుసు.