పసుపు బొట్టు పెట్టిన బేస్‌బాల్ టికెట్

మొన్న ఆదివారం నన్ను బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్తూ మా మనవరాలు, "తాతా, నీ టికెట్ ఫోన్‌కి ఫార్వర్డ్ చేశాను, ఛార్జింగ్ చూసుకో" అంది. ఆట అయ్యాక ఫోన్ తీసి చూస్తే టికెట్ ఉన్నచోట ఏమీ లేదు; ఆట అయిపోతే అది దానంతటదే మాయమవుతుందట. ఆ ఖాళీ తెర చూడగానే నలభై అయిదేళ్ళ కిందటి భయం ఒకటి మళ్ళీ గుర్తొచ్చింది.

ఈ దేశం వచ్చి, ట్రాయ్ అనే ఊళ్ళో నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మా మేనేజరుకి పాత బేస్‌బాల్ టికెట్లు పోగుచేసే పిచ్చి. వాటిలో చాలావాటి మీద ఏడాది ఉండేది కాదు. ఆ సీజన్లో అది ఎన్నో ఆట అని చెప్పే నంబరు, ఎదుటి జట్టు పేరు, వెనకవైపు ప్రకటన చూసి, పాత ఆటల పట్టికలతో సరిపోల్చి ఏ ఏటిదో తేల్చాలి. పట్టికలంటే నాకు ఓపికని కనిపెట్టి, ఒక శుక్రవారం ఆయన తన పెట్టె నా చేతికిచ్చాడు. అన్నీ గేటు దగ్గర చింపిన సగం ముక్కలే, ఒక్కటి తప్ప. అది వాళ్ళ నాన్న కొనుక్కుని, ఆట నాటికి ఆసుపత్రి పాలై, వెళ్ళలేకపోయిన టికెట్. జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు దసరా. మా ఆవిడ ఆయుధపూజకని కారు తాళాలు, నా కాలిక్యులేటరు దేవుడి ముందు పెడుతూ, నేను అంత అపురూపంగా దాచిన పెట్టెనీ పెట్టి, పైనున్న టికెట్ మూలన తడి పసుపు, దాని మీద కుంకుమ అద్దింది. "ముఖ్యమైనవన్నారుగా, అందుకే పెట్టానండీ" అంది. పైనున్నది మేనేజరు వాళ్ళ నాన్న టికెట్టే! ఆవిడ వద్దంటున్నా వినకుండా సబ్బునీళ్ళతో తుడిచాను. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని బట్టలుతికే ప్రతి ఆడదానికీ తెలుసు, ఇంజనీరుకి తెలియలేదు. గోరంత మరక రూపాయి బిళ్ళంత అయింది.

ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఆరో నెల గర్భంతో ఉన్న మనిషిని వెంటబెట్టుకుని ఎక్కడికని వెళ్ళను? సోమవారం మేనేజరు గదిలో నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను. పోగొట్టుకోకూడని వస్తువుకి మేం అలా బొట్టు పెడతామనీ చెప్పాను. ఆయన టికెట్ తీసుకుని లోపల పెట్టి, "ఓకే" అని పెట్టె మూసేశాడు. ఆ ఒక్క మాటకి అర్థం తెలియక, ఆయన పిలిచినప్పుడల్లా ఇదే ఆఖరి పిలుపనుకుంటూ నెలల తరబడి హడలి చచ్చాను. ఉద్యోగం పోలేదు గానీ, ఆ పెట్టె మళ్ళీ నా చేతికి రాలేదు.

చాలా ఏళ్ళకి ఆయన పోయాడని తెలిసి ఇంటికి వెళ్తే, హాల్లో గోడకి ఒకే ఒక్క టికెట్ ఫ్రేము కట్టి ఉంది. తలుచుకుంటే ఆ మూల మరక కనపడకుండా కట్టించవచ్చు, కట్టించలేదు. వచ్చినవాళ్ళందరికీ ముందు దాన్నే చూపించేవాడని ఆయన భార్య చెబుతుంటే, ఆయన్ని చూసి అన్నేళ్ళు భయపడ్డందుకు నాకు సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఈ ఫోన్ టికెట్‌కి మరక అంటదు, మూల చిరగదు, ఏ ఏటిదో ఎవరూ కూర్చుని తేల్చనక్కర్లేదు. పాడుచేస్తామన్న భయమే లేదు. ఆదివారం ఇంటికి రాగానే మా ఆవిడ అలవాటు కొద్దీ, "టికెట్ ఏదండీ, దేవుడి దగ్గర పెడతాను" అని చెయ్యి చాచింది. ఆ చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.