నా శాపాలు నేనే చదివి వినిపించాను

పరువు పోగొట్టుకున్నవాళ్లను మీరు చాలామందిని చూసే ఉంటారు. దాన్ని కాగితం మీద గుండ్రటి అక్షరాల్లో రాసి, తర్వాత నిలబడి గట్టిగా చదివి మరీ పోగొట్టుకున్న మనిషిని చూసి ఉండరు. ఆ మనిషిని నేనే.

మాది తర్లగూడ, రాష్ట్ర సరిహద్దుకు హిందీ వైపున్న ఊరు. ఊళ్లో అందరూ తెలుగు మాట్లాడతారు గానీ, బడి హిందీది కాబట్టి తెలుగు చదవడం రాదు. నేను సరిహద్దు అవతల చర్లలో అమ్మమ్మ దగ్గరుండి ఏడో తరగతి దాకా చదివాను. అందుకే అవతలి నుంచి పెళ్లిపత్రిక వచ్చినా, మందుల డబ్బా వచ్చినా నా దగ్గరికే తెస్తారు. నేనూ కలెక్టరమ్మలా కూర్చుని చదివిపెడతాను.

ఆ ఎండాకాలం బీడీల తునికాకు కోసేటప్పుడు, ఆటో నడిపే నాగేష్‌కు నా మనసులో మాట చెప్పేశాను. అతను ఆకుల కట్ట కట్టడం కూడా ఆపలేదు.

"నాకట్ల లేదు రజితా. ఆ నార ఇటియ్యి."

ఇచ్చాను. ఇంకేం చేస్తాను?

వారం తర్వాత ఒక పాత పత్రికలో కవిత కనబడింది. కాదన్నవాడి మీద ఎవరో అమ్మాయి కక్కిన చేదంతా అందులో ఉంది. నా కడుపులో మాట ఈమెకెలా తెలిసిందా అని ఏడ్చాను. కళ్లు తుడుచుకుని నేనూ ఒకటి రాశాను. ఆమె మర్యాదస్తురాలు, నేను కాదు. నీ ఆటో టైర్లు నడి అడవిలో పేలాలి, నీ అన్నంలో ముద్దకో రాయి తగలాలి అని రాసి, పేరు పెట్టకుండా ఆటో సీటు మీద పెట్టి వచ్చాను.

నాగేష్‌ది కూడా హిందీ బడే అన్న సంగతి, మర్నాడు పొద్దున మా వాకిట్లో ఆటో ఆగాక గుర్తొచ్చింది.

"రజితా, ఎవరో చిట్ఠీ పెట్టిండ్రు. జర చదివి చెప్పు."

"నేనా?"

"మరి ఇంకెవరికొస్తది?"

అమ్మ బియ్యం చెరుగుతూ, "చదువవే, పాపం పిలగాడు నిలబడ్డడు" అంది.

మొదటి మాటే టైర్లు. నోరు తెరిచాను.

"నీ ఆటో... చప్పుడు వినబడితే చాలు, గడప దాకా ఉరికొస్తాను."

అది కాగితం మీద లేదు.

"నీ అన్నంలో... ఒక్క ముద్దైనా నా చేత్తో కలిపింది ఉంటే బాగుండు."

అదీ లేదు. అయినా అబద్ధమూ కాదు. అక్కడ రాసిందే అబద్ధం.

నాగేష్ ముఖం వెలిగిపోయింది.

"ఎవరో తెల్సిందా?" అన్నాను, నేల చూస్తూ.

"తెల్వకేంది? తెలుగు రాసేటోళ్లు ఎందరున్నరు?"

నేను కాగితం గబగబా మడిచేశాను.

"అవతలి వెంకటాపురం సునీత. నిన్న బజారుకు నా ఆటోలనే వచ్చింది."

"ఇంకెవరన్నా అయ్యుండొచ్చు గద?"

"ఎవరు, నువ్వా? నువ్వు మొహం మీదనే చెప్పే పిల్లవు. కూసో, జవాబు రాయి. నీ అంత మంచిగ ఎవరు రాస్తరు?"

రాశాను. బాగా రాశాను, అదే నా ఖర్మ. ఉత్తరం చదివి సునీత అతనికి పడిపోయింది. మూడు నెలలకు వాళ్ల పెళ్లిపత్రిక తెచ్చి నాగేష్ వాళ్లమ్మ నా చేతిలో పెట్టింది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను.

ఆ రోజే ఆ పెళ్లిపత్రిక మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరిని శపించినా హిందీలోనే శపిస్తాను.

ఆటో చప్పుడు వినబడితే మాత్రం ఇప్పటికీ గడప దాకా వెళ్తాను. టైర్లు చూడడానికే.