డేగ పట్టు

ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక కోళ్ల కోసం వల కప్పిన దొడ్డి ఒకటుంది. లోపల నిలబడలేం, వంగే తిరగాలి. మొన్న వేసవిలో ఓ మధ్యాహ్నం కోళ్లు గోలపెడితే పోయి చూశాను. కోడిపిల్లల కోసం దూరిన డేగ ఒకటి రెక్క వలలో చిక్కి వేలాడుతోంది. పావురమంత ఉందంతే. మా ఆయన నంద్యాలలో పనికి పోయాడు. ఇంట్లో నేనూ, మోకాళ్లు అరిగిపోయిన మా అత్తా.

వల విడిపిద్దామని, ముక్కుతో పొడుస్తుందేమోనన్న భయంతో, తల దగ్గర జాగ్రత్తగా చెయ్యి పెట్టాను. అది ముక్కు కదపలేదు. కాలు చాచి నా చెయ్యి పట్టేసింది. ఓ గోరు బొటనవేలి మొదట్లో దిగింది. గుంజాను. ఇంకా బిగిసింది.

కేక వేస్తే అత్త వచ్చి వలకు అవతల నిలబడింది.

"ఏందీ మే, ఆడ ఏం చేస్తాండావ్?"

"డేగ పట్టుకునింది అత్తా. వదలడంల్యా."

"అయ్యో ప్రభువా! గుంజొద్దు. తన్నుకులాడే కొద్దీ గట్టిగా పట్టుకుంటాది."

పక్కిళ్ల తలుపులు కొట్టొచ్చింది. ఎవరూ లేరు. నేను ఎండలో గొంతుక్కూర్చున్నాను. పాదాలు తిమ్మిరెక్కాయి. డేగ పచ్చటి కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఆ కనుగుడ్లు పక్కకు తిరగవు, నేను ఒరిగితే తల మొత్తం తిప్పేది. నోరు తెరిచి రొప్పుతోంది. దానికీ పోయే దారి లేదు.

అంతలో అత్త, వంగలేక, నేలమీద కూలబడి, పిరుదుల మీద జరుగుతూ లోపలికి వచ్చేసింది. కొంగు తీసి డేగ తల మీద కప్పింది. కళ్లకు చీకటి కమ్మగానే అది రాయిలా నిలిచిపోయింది. అది కాలు మడిచినప్పుడల్లా పట్టు బిగుస్తోందని నాకప్పటికి అర్థమైంది. మెల్లగా ఆ కాలు సాగదీశాను. గోళ్లు వదిలాయి. అత్త వెంట తెచ్చుకున్న కత్తితో వల కోసి కొంగు తీసింది. డేగ ఆ సందులోంచి దూరి గోడ మీదుగా ఎగిరిపోయింది.

"లెయ్ అత్తా, పోదాం."

"లేయలేను మే. కాళ్లు బిగుసుకుపోయినాయి."

ఒంటి చేత్తో ఎత్తబోయాను. కుదరలేదు. ఆయనకు ఫోన్ చేశాను.

"నువ్వు పో. సూదేయించుకో," అంది అత్త, నా చేతికి గుడ్డ చుడుతూ.

"నిన్ను ఈడ ఇడ్సిపెట్టి యాడికి పోయేది?"

ఆయన నంద్యాల నుంచి వచ్చేదాకా ఇద్దరం ఆ వల కిందే కూర్చున్నాం. పెళ్లయి ఇన్నేళ్లకు, ఆమె నా భుజానికి తల ఆనించడం అదే మొదలు.